విదేశయాత్రా సన్నాహము



మా యింటి వసారాగోడమీద రెండు మాసములనుండి ఐరోపాఖండపు పటమొకటి వ్రేలాడుచున్నది. మావారు ఉపాధ్యాయవృత్తినుండి విరమించిననాడు శిష్యులు శాలువ కప్పి గోడగడియార మొకటి బహూకరించిరి. ఆ గడియార మింకను పెట్టెలోనే యున్నది. దానికని కొట్టిన మేకునకు పటము తగిలించిరి. ముప్పదియేండ్లు పిల్లలకు బెత్తముతో చూపిన నగరములను ఒక్కమారైనను కన్నులార చూడవలెనని వారి చిరకాలవాంఛ. మాకును ఆ కోరిక లేకపోలేదు. పిల్లల చదువులును పెండ్లిండ్లును ముగిసినవి. చేతిలో కొంత సొమ్మున్నది. కావున ఈ సంవత్సరము సెప్టెంబరులో ఇరువురమును కలిసి పోవలెనని నిశ్చయించుకొంటిమి. ఈ శీర్షికయందు తోటపనులనుగూర్చియు ఇంటిపనులనుగూర్చియు ముచ్చటించు మేము ఈమారు విమానముల మాట లెత్తుట చూచి కొందరు నవ్వుకొందురేమో! ప్రయాణమును ఇంటిపనియే. సరకుల పట్టిక వ్రాయు చేతితోనే దీనికిని పట్టిక వ్రాయవలసి యున్నది.

మొదట విశాఖపట్టణములోని యొక యాత్రాసంస్థవారి నడిగితిమి. వారు రంగురంగుల కాగితమొకటి చేత బెట్టిరి. పండ్రెండు దినములు, పది నగరములు. మావారు దానిని చూచి చిన్నపిల్లవానివలె సంబరపడిరి. మేము మాత్రము ఆ రాత్రి పప్పు చెరుగుచు మనసులో లెక్క వేసికొంటిమి. పోవుటకొక దినము, వచ్చుట కొక దినము తీసివేయగా మిగిలినవి పది. పది నగరములు చూడవలెనన్న తొమ్మిదిమార్లు మూట కట్టవలయును. కట్టుట, బస ఖాళీ చేయుట, రైలో బస్సో యెక్కుట, దిగి క్రొత్త బస వెదకుట, ఇవన్నియు కలిసి ఎంత తొందరపడినను పూట పట్టును. తొమ్మిది పూటలు, అనగా నాలుగున్నర దినములు. ఇక చూచుటకు మిగిలినది అయిదున్నర దినములు. నగరమునకు ఒక పూటకంటె కొంచె మెక్కువ. ఇచ్చిన సొమ్ములో సగము మూటలు కట్టుటకే యిచ్చినట్లు తేలినది.

ఈ లెక్క వినిపింపగా మావారు కొంతసేపు పలుకలేదు. పిమ్మట మెల్లగా, “మళ్లీ ఎప్పుడు వెళ్తాం? ఒక పూటైనా చూసినట్టేగా,” అనిరి.

ఆ మాట వెనుక నున్న దేమో మాకు తెలియును. వారి కన్నులకు నీటికాసుల జబ్బున్నదని మూడేండ్లక్రిందట వైద్యులు చెప్పిరి. చుక్కల మందు తప్పక వేసికొనుచుండుటచే జబ్బు ముదురక నిలిచియున్నది. కాని ప్రక్కలకు పోయిన చూపు తిరిగి రాదట. చీకటి పడినచో వారికి మెట్లు సరిగా కానరావు. ఇన్ని యూళ్లు చూడవలెనను వారి ఆత్రము కేవలము ఆత్రము కాదు. అందుచే మేము వెంటనే కాదనలేకపోతిమి. పది నగరముల కాగితము వారముదినములు భోజనపుబల్లమీద అట్లే పడియుండెను.

మా వివాదమును తీర్చినది మా యూరే యని చెప్పవలెను. డుంబ్రిగుడ చూచుటకు జనము వత్తురు. అరకులోయకు వచ్చువారిలో పెక్కుమంది మా చాపరాయికి వచ్చియే పోవుదురు. చాప పరచినట్లున్న వెడల్పాటి బండమీదుగా నీరు జారుచుండును; పిల్లలు జారుడుబల్లవలె జారుదురు. చలికాలమున వలిసెలు పూచి కొండవాలులన్నియు పసుపు పూసికొన్నట్లుండును. వచ్చువారి దినచర్య మాకు కంఠపాఠము. తెల్లవారక మునుపే విశాఖలో లేచి కిరండూలు రైలెక్కుదురు. 2017లో ఆ రైలునకు అద్దపు కప్పుగల పెట్టె తగిలించినది మొదలు రద్దీ మరింత హెచ్చినది. మధ్యాహ్నమునకు అరకు. గిరిజన మ్యూజియము, పద్మాపురము తోట, తరువాత కారులో మా చాపరాయి, అక్కడనుండి బొర్రా గుహలు, రాత్రికి మరల విశాఖ. ఇంటికి పోయి అరకు చూచితిమని చెప్పుదురు. మాకు వారిమీద కోపము లేదు. సెలవు ఒక్కదినమే యున్నచో పాపము వారేమి చేయుదురు? కాని వారు చూచిన అరకును మే మెన్నడును చూడలేదు.

కిందటి మార్గశిరములో ఒక దంపతులు మా యింటిముందు కారు ఆపి మంచినీ ళ్లడిగిరి. ఆమె మావయసుదే. నీళ్లు త్రాగి, “ఇంకేమున్నాయండీ ఇక్కడ చూడడానికి?” అని యడిగెను. “సాయంకాలందాకా కూర్చోండమ్మా. మంచు దిగుతుంది,” అంటిమి. ఆమె వసారా చివర కూర్చుండినది కూడ. ఇంతలో కారువాడు హారను మ్రోగించెను. బొర్రా మూసివేయుదురట. ఆమె కారెక్కి అద్దమునుండి వెనుకకు చూచుచు పోయెను. ఆనాటి సాయంకాలము మంచు నిజముగనే దిగెను. మేము పప్పుగిన్నె దించి వచ్చుసరికి మావారు వసారాలో పెన్సిలు పట్టుకొని యుండిరి. ఆమ్‌స్టర్‌డామును, బ్రస్సెల్సును, ప్రాగును, వెనిసును తామే కొట్టివేసిరి. మేమేమియు అనలేదు. మరునాడు మరి రెండు పోయినవి.

తొందరలేని యాత్రకు మనవారిలోనే గొప్ప మార్గదర్శి కలడు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చిరి. దారిపొడుగున బస యెక్కడ దొరకును, నీరెట్టిది, ఏ సరకు లభించును అని వ్రాసిపెట్టిన ఆ కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయినది. స్త్రీలలో పోతము జానకమ్మగారిని తలచుకొనవలెను. 1870 ప్రాంతపు దశకములోనే సముద్రము దాటి ఇంగ్లండు చూచి, తెలుగున వ్రాసిన యాత్రావృత్తాంతమును ఆంగ్లమున 1876లో గ్రంథముగ వెలువరించిరి. నూటయేబదియేండ్లకు పూర్వము ఆమె ఎన్ని మాట లనిపించుకొని ఓడ యెక్కెనో! మాకు మాట లనువారెవ్వరును లేరు. మా అత్తగారు మాత్రము “అక్కడ దాహమేస్తే ఎవరి నడుగుతారు?” అని యడిగిరి.

ఇక మేము నిశ్చయించుకొన్న మార్గము చెప్పెదము. ఏ యూరిలోనైనను మూడు రాత్రులకు తక్కువ ఉండరాదని మొదట నియమము చేసికొంటిమి. అందుపై నగరములు నాలుగే మిగిలినవి: పారిస్ అయిదు రాత్రులు, లూసెర్న్ మూడు, ఫ్లారెన్సు మూడు, రోము నాలుగు. మొత్తము పదునైదు. పారిస్‌లో దిగి రోములో విమాన మెక్కుట ముఖ్యము. వచ్చిన యూరికే మరల పోయి విమాన మెక్కవలెనన్న ఒక దినమును, రైలు సొమ్మును వృథా యగును. రాకకు పోకకు ఒకే చీటీలో రెండు వేరువేరు ఊళ్లు వేయించుకొనవచ్చునని చాలమంది యెరుగరు. ధర కూడ పెక్కుమార్లు పెద్ద భేద ముండదు.

పారిస్ మొదటి దగుటకు మా స్వార్థము కొంత కలదు. మా కొండలలో పండిన కాఫీని అరకు పేరుతోనే అమ్ము దుకాణమొకటి 2017లో ఆ నగరమున తెరువబడినది. 2019లో అరకులోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. మా తోటలో మిరియపుతీగల క్రింద వంగి పండ్లు కోసిన నడుమునకు, ఆ గింజలు పోవు నగరమును చూడవలెనని యుండుట తప్పు గాదు గదా! అక్కడ కప్పు కాఫీ వెల విన్నచో మా అత్తగారు మూర్ఛపోవుదురు గాన ఆమెకు చెప్పము.

స్విట్జర్లండునుగూర్చి మాకును మావారికిని చిన్న జగడము జరిగినది. కొండలలో పుట్టి కొండలు చూచుటకు డబ్బు పోసి పోవుట యేమని మా వాదము. వారు కొండలకు గాదు, రైలునకు పోవుద మనిరి. మా కొత్తవలస కిరండూలు మార్గము బైలదిల్లా ఇనుపరాతిని విశాఖ రేవుద్వారా జపానునకు పంపుటకై 1960వ దశకమున వేసినది. దానిమీద యేబదికి మించిన సొరంగములున్నవి. వారి గోథార్డు సొరంగము ఒక్కటే 57 కిలోమీటర్లు, 2016లో తెరచిరి. కాని దానిలో పోయినచో చీకటి తప్ప మరేమియు కానరాదు. 1882నాటి పాతమార్గ మింకను కొండమీదుగా నున్నది. అది మెలికలు తిరుగుచు ఎక్కుటచే వాసెన్ అను పల్లెయొద్ద ఒకే చర్చి మూడుమార్లు మూడు ఎత్తులలో కనబడునట. “ఒకసారి సరిగా కనపడకపోయినా ఇంకో రెండుసార్లు చూడొచ్చు,” అని మావారు నవ్విరి. మేము నవ్వలేదు, జగడము మాత్రము మానితిమి.

కాలనిర్ణయము మా తోటయే చేసినది. నవంబరునుండి కాఫీపండ్ల కోత. అప్పుడు కదలుటకు వీలులేదు. జూలై ఆగస్టులలో ఐరోపాలో ఎండయు జనమును మెండు. ఆగస్టున పారిస్‌లో పెక్కు చిన్న దుకాణములు మూసికొని యజమానులే సెలవులకు పోవుదురు. సెప్టెంబరు నడుమ చలియు వేడియు లేక యుండును. రాత్రి ఏడున్నర దాటువరకు వెలుతు రుండును. ఇది మావారి కన్నులకు ముఖ్యము. ఒక యూరినుండి మరియొక యూరికి పోవు దినమున మధ్యాహ్నము మూడులోపల బస చేరవలెనని పట్టికలో ఎర్రసిరాతో వ్రాసికొంటిమి. బసలన్నియు రైలుస్టేషనునకు నడచిపోగల దూరమున, లిఫ్టు ఉన్నవిగా చూచితిమి. పాత కట్టడములలో లిఫ్టు ఉండదని తెలియక మూడవ అంతస్తు మాట్లాడుకొన్నవారు పెట్టెలు మోయలేక యేడ్తురు.

మ్యూజియములకు వారమున నొక సెలవు కలదు. పారిస్‌లో లూవ్రునకు మంగళవారము, ఓర్సే మ్యూజియమునకు సోమవారము. ఫ్లారెన్సులో ఉఫీజీకి సోమవారము. వాటికనులో నెలకొక్కమారు తప్ప ఆదివారములు మూతయే. ఇవి చూడక రాత్రుల లెక్క వేసినచో తలుపునకు దండము పెట్టి రావలసినదే. రోములో సెయింట్ పీటరు దేవాలయమున భుజములు మోకాళ్లు కప్పుకొననివారిని లోనికి రానీయరు. చీర కట్టువారికి ఆ చింత లేదు.

ఇప్పు డసలు కష్టము. పాసుపోర్టు. మా పేరు పదవ తరగతి పత్రములో ఒకతీరున, ఆధారుకార్డులో నొకతీరున, బ్యాంకు పుస్తకములో మరియొక తీరున ఉన్నది. ఒకదానిలో పుట్టింటిపేరు, ఒకదానిలో మెట్టినింటిపేరు, మూడవదానిలో రెండును లేవు. ముప్పదియేండ్లు కాపురము చేసి ముగ్గురు స్త్రీలుగా బ్రదుకుచుంటిమని అప్పుడు తెలిసినది! ఒక కార్యాలయము చుట్టు నాలుగుమార్లు తిరిగితిమి. మూడవమారు అక్కడి గుమాస్తా తలయెత్తకయే “మీ ఆయనకు తీసుకోండి, చాలదా?” అనెను. ఇంటికి వచ్చి ఆ సంగతి చెప్పలేదు. మరునాడు ఆధారములన్నియు ఒక సంచిలో పెట్టుకొని మరల పోతిమి. సోదరీమణులు ప్రయాణము తలపెట్టినను పెట్టకున్నను తమ పేరు అన్ని పత్రములందు ఒకేతీరున నుండునట్లు ఇప్పుడే చూచుకొందురు గాక. వివాహమైనంతమాత్రమున పేరు మార్చుకొన నక్కర లేదు. 2016 చివరను సడలించిన నియమములచే వివాహపత్రము కూడ అడుగరు. సాధారణపు పాసుపోర్టు రుసుము 1,500 రూపాయలు, పదియేండ్లు చెల్లును. విచారణకై పోలీసువారు మా యింటికి వచ్చిననాడు వాడవాడయంతయు గుమిగూడినది. మావారు ఏ నేరము చేసిరో యని ఒక ముసలమ్మ కన్నీరు కూడ పెట్టుకొన్నది.

వీసా విషయము. మేము పోవు మూడు దేశములును షెంగెన్ కూటమిలోనివి. 29 దేశములకు ఒకే వీసా. ఏ దేశమున ఎక్కువ రాత్రులుందుమో ఆ దేశమునకు దరఖాస్తు చేయవలెను. ఫ్రాన్సులో అయిదు, స్విట్జర్లండులో మూడు, ఇటలీలో ఏడు. చూచితిరా! పారిస్ మొదటిదని ఫ్రాన్సువారికి వ్రాయబోయి, నగరములవారీగా గాక దేశములవారీగా లెక్కింపవలెనని తట్టి నాలుక కరచుకొంటిమి. ఇటలీవారికే వ్రాయవలెను. ప్రయాణమునకు ఆరునెలలకు ముందుగా పుచ్చుకొనరు, పదునైదు దినములకు లోపలను పుచ్చుకొనరు. రుసుము మనిషికి 90 యూరోలు. నిరాకరించినను తిరిగి యియ్యరు. పాసుపోర్టు పదియేండ్లలోపల జారీయైనదై, తిరుగుప్రయాణపు తేదీకి పైని మూడునెలలైనను చెల్లునదై, రెండు ఖాళీపుట లుండవలెను. 30,000 యూరోలకు తక్కువగాని వైద్యబీమా కావలెను. వ్రేలిముద్రలకై స్వయముగా పోవలెను. వీసా రాకముందు రద్దు చేసికొనుటకు వీలులేని చీటీలు కొనరాదు.

సంపాదన నిరూపింపవలసి వచ్చినప్పుడు మావారి పింఛను కాగితము లున్నవి. మా సంగతి యేమి? గృహిణియైనచో భర్త పోషించునని ఉత్తరము వ్రాసియిచ్చిన చాలునట. కాని మాకు మిరియములమ్మిన సొమ్ము వేసికొను ఖాతా యొకటి పదునెనిమిదేండ్లనుండి కలదు. మొత్తము పెద్దది గాదు. ఐనను మా దరఖాస్తులో మొదట దానినే పెట్టితిమి. మావారి యుత్తరము దాని క్రింద పెట్టితిమి. బ్యాంకువారు ముద్రవేసి యిచ్చిన ఆ కాగితములను దారిలో రెండుమార్లు తీసి చూచుకొంటిమి.

మూటలమాట క్లుప్తముగా చెప్పెదము. రైళ్లలో పెట్టె మోయువా రుండరు. మనిషికి ఎనిమిది కిలోలు మించరాదని తూచితిమి. ఉదికి ఆరవేసిన రాత్రికే ఆరు చీరలు నాలుగు, చెప్పులు గాక బూట్లు. ఆ బూట్లు ఇప్పటినుండి తొడిగి సంతకు పోయి వచ్చుచున్నాము. క్రొత్తవి అక్కడ తొడిగినచో పాదములు పుండ్లగును. ఆవకాయకు అభ్యంతరము లేదు, గట్టిగా మూసి పెద్దపెట్టెలో వేయవలెను. నెయ్యి మాత్రము పనికిరాదు. పాలతోను మాంసముతోను చేసిన వేవియు మన దేశమునుండి అక్కడికి తీసికొనిపోరాదు. పచ్చి కూరలకు ఆకులకు పండ్లకు పత్రము కావలెను. అరటిపండు, కొబ్బరికాయ, అనాస, ఖర్జూరము, దురియను మాత్రము పత్రము లేకయే రానిత్తురట. మావారి కంటిచుక్కలు వైద్యుల చీటీతోసహా చేతిసంచిలో రెండు సీసాలు, మా సంచిలో రెండు సీసాలు. ఒక సంచి పోయినను రెండవది యుండును. సొమ్ముకార్డులును అట్లే. స్విట్జర్లండులో యూరో గాక ఫ్రాంకు నడచునని మరువరాదు. పారిస్, రోము నగరములలో బసవారు రాత్రికింతని నగరపు పన్ను వేరుగా పుచ్చుకొందురు; ఆ పద్దు ముందుగా వ్రాసికొననిచో చివర తగవులగును.

ఫొటోలనుగూర్చి మాకొక నియమము కలదు. మా సంతలో తలమీద గంపతో నిలిచియున్న మమ్ము ఒకమారు ఎవరో అడుగకుండ తీసికొని పోయిరి. ఆ బొమ్మ యెక్కడనున్నదో మాకు తెలియదు. కావున అక్కడి రైతుబజారులలో ముసలమ్మలు ఎంత ముచ్చటగా కూర్చున్నను ముందు అడిగెదము. అందుకై ఫ్రెంచిలో ఒక వాక్యము, ఇటాలియనులో ఒక వాక్యము మావారు పిల్లలకు గుణింతము చెప్పినట్లు మాకు చెప్పుచున్నారు. ఆ భాషలు వారికిని రావు. ఫోనులో విని చెప్పుచున్నారు.

మా అమ్మాయి పాడేరునుండి వచ్చి పదునెనిమిది దినములు నానమ్మతో నుండుట కొప్పుకొన్నది. దరఖాస్తు నింపి సంచిలో నుంచితిమి. హైదరాబాదు పోవుటకు తేదీ రావలసి యున్నది.

గోడమీది పటములో కొట్టివేసిన యూళ్లు ఆరును నల్లగా కానవచ్చుచున్నవి. వియన్నా పేరుమీద మాత్రము మావారు ముందు గీత గీసి, మరల రబ్బరుతో తుడిచి, ప్రక్కను చిన్న ప్రశ్నార్థకము పెట్టిరి. నిన్న పటము దులుపునప్పుడు అది మా కంటబడినది. దానిని అట్లే యుంచితిమి.